ఓడ ఎక్కని జోళ్లు

గిల్బర్ట్ ఫ్లెట్ బొచ్చుతోలు మీద ఒక్కసారి ఊది, ఆ జంతువు ఏ నెలలో చచ్చిందో చెప్పేవాడు. ఊదగానే పైనున్న ముతక వెంట్రుకలు పక్కకు తప్పుకుని అడుగున మెత్తని నూగు కనిపించేది. అది ఒత్తుగా ఉంటే నడి చలికాలంలో పట్టిన బీవర్ అనే నీటిజంతువు. పలచబడి ఉంటే మంచు కరిగాక పట్టింది. పంతొమ్మిదేళ్లప్పుడు సముద్రం అవతలి ఆర్క్‌నీ దీవుల నుంచి, తోళ్లు కొనే కంపెనీ కొలువులో ఓడెక్కి వచ్చినవాడు, ముప్పై ఆరేళ్లు ఆ అడవినది మీద ఇదే పని చేశాడు. ఆ నూగుతో లండన్‌లో పెద్దమనుషులకు టోపీలు చేస్తారు. అలాంటి టోపీ తన తల మీద ఒక్కసారైనా పెట్టుకుని ఎరగడు.

ఆ అడవుల్లో ఉంటూ తోళ్లు తెచ్చే క్రీ జనం అతన్ని వేలుపెట్టని దొర అనేవాళ్లు. తుపాకిమందు కొలిచేటప్పుడు చాలామంది వర్తకులు కొలతగిన్నె లోపల బొటనవేలు పెట్టి కొలిచేవారు. వేలు ఎంత లావుగా ఉంటే మందు అంత తక్కువ పడేది. గిల్బర్ట్ గిన్నెను అంచు పట్టుకుని కొలిచేవాడు. అందుకని మధ్యలో ఇంకో వర్తకపు కోట ఉన్నా దాన్ని దాటుకుని, నాలుగు రోజులు ఎక్కువ తెడ్లు వేసుకుంటూ అతని దగ్గరికే వచ్చేవారు. అతని భార్య వాపున్‌కు అది ఎంత గర్వమో చెప్పలేం. ఆమె క్రీ పిల్ల. ఇరవై రెండేళ్ల కిందట గిల్బర్ట్ ఆమె తండ్రి ఎదుట కూర్చుని, ఆయనతో పొగాకు గొట్టం పంచుకుని, పిల్లనిమ్మని అడిగి చేసుకున్నాడు. మా ఆయన మాట కూడా ఆ గిన్నె లాంటిదే, అందులో వేలు ఉండదు అని తన వాళ్లతో చెప్పుకునేది.

అలాంటి మనిషి ఆ భార్యతోనే పదేళ్లుగా ఒక అబద్ధం ఆడుతున్నాడు.

వాళ్లకు ఒక్కతే కూతురు. పేరు పియేసీస్. పుట్టినప్పుడు పిట్టపిల్లంత ఉందని వాపున్ తల్లి ఆ పేరు పెట్టింది. పిల్లకు ఏడేళ్లు రాగానే చదువు కోసం ఆర్క్‌నీలో ఉన్న తన అక్క మెరన్ దగ్గరికి పంపుదామన్నాడు గిల్బర్ట్. కంపెనీ మనుషులు చాలామంది తమ పిల్లల్ని అలాగే పంపేవారు. వాపున్ ఒక చలికాలమంతా ఒప్పుకోలేదు. చదువంటే ఏమిటో నాకు తెలీదు, తెలీనిదాని కోసం కన్నపిల్లని ఇచ్చెయ్యమంటావా అని అడిగింది. నా కొలువు అయిపోగానే మనమిద్దరం కూడా అక్కడికే వెళ్లిపోదాం, నీ పిల్ల నీకు ఎదురొస్తుంది, ఇది నా మాట అన్నాడు గిల్బర్ట్. ఆ మాట మీదే ఒప్పుకుంది.

ఏడాదికి ఒక్కటే ఓడ. వేసవి చివర్లో సముద్రపుటొడ్డున ఉన్న పెద్దకోటకు వచ్చి, తోళ్లు నింపుకుని, నీళ్లు గడ్డకట్టకముందే వెళ్లిపోతుంది. పిల్లను ఎక్కించిన మరుసటి వేసవిలో గిల్బర్ట్ తోళ్లకట్టలతో నది దిగి పెద్దకోటకు వెళ్లాడు. అతని సంచీలో వాపున్ కుట్టిన జోళ్లు ఒక జత ఉన్నాయి. పొగబెట్టి మెత్తబరచిన దుప్పితోలు. దాని మీద రంగులద్దిన ముళ్లపంది ముళ్లతో కుట్టిన పువ్వు. అయిదు ఎర్ర రేకులు, మధ్యలో పసుపు, పక్కన రెండు ఆకులు. రెంటిలో ఒక ఆకు పనిగట్టుకుని వంకరగా కుట్టినది. ఆ వంకర ఆకు వాపున్ తల్లిది. ఆమె పోయాక వాపున్ తప్ప ఆ నది మీద ఇంకెవరూ కుట్టరు. పిల్ల పాదం ఏడాదిలో ఎంత పెరిగి ఉంటుందో తన అరచేతి మీద కొలుచుకుని, ఇంకో గోరంత ఎక్కువ వదిలి కుట్టింది.

ఆ ఓడలోనే మెరన్ ఉత్తరం వచ్చింది. పిల్ల మొదటి చలికాలంలోనే దగ్గుజ్వరంతో పోయిందని, చర్చి వెనక గోడ వారన పూడ్చామని రాసింది.

పెద్దకోటలో పీపాలు చేసే జేమ్స్ కారిగల్ అని ఒకడున్నాడు. గిల్బర్ట్ ఊరివాడే. ఇంటినిండా ఆడపిల్లలు. గిల్బర్ట్ ఆ జోళ్లను తీసుకెళ్లి అతని చేతిలో పెట్టాడు. వీటిని ఇంటికి తిరిగి తీసుకెళ్లలేను, అలాగని పారెయ్యలేను, నీ పిల్లలకు తొడుగు, ఎవరితోనూ అనకు అన్నాడు.

తిరిగి వెళ్లేటప్పుడు ఎదురు నీటిలో ఇరవై ఎనిమిది రోజులు పట్టింది. ఇరవై ఎనిమిది రోజులూ వాపున్‌కు ఎలా చెప్పాలో మాటలు కూర్చుకుంటూనే ఉన్నాడు. పడవ మలుపు తిరిగేసరికి ఆమె మోకాలిలోతు నీళ్లలోకి వచ్చి నిలబడి ఉంది. పడవ ఆగనే లేదు, అడిగేసింది.

"ఏమయ్యా, చదువుతోందా?"

"చదువుతోంది," అన్నాడు గిల్బర్ట్.

అంతే. ఆ ఒక్క మాటతో పియేసీస్ మళ్లీ బతికింది. మరుసటేడు మెరన్ ఆవు పాలు పితకడం నేర్చుకుంది. ఆ పైయేడు ముందుపళ్లు రెండు ఊడి మళ్లీ వచ్చాయి. ఉన్ని వడికింది. చర్చిలో నిద్రపోయి అత్త చేత చీవాట్లు తింది. ఎప్పుడో ఒక గొర్రెపిల్లను పెంచి, దాన్ని అమ్మేసిన రోజున తిండి మానేసింది. పోయినేడు చేపలు పట్టే కుర్రాడొకడు ఆమె నడిచే దారిలో నిలబడడం మొదలుపెట్టాడని చెబితే వాపున్ రెండు రోజులు నవ్వుకుంటూ తిరిగింది. వాడి వలలు చిరుగులు లేకుండా ఉంటాయా లేదా అడిగి రాయించమంది. మొదట్లో గిల్బర్ట్ ఇదంతా ఆమె కోసమే అనుకున్నాడు. పోనుపోను తన కోసం కూడా అయింది. చలికాలంలో తోళ్లు గీస్తూ కూర్చున్నప్పుడు ఆ పిల్ల ఎలా నవ్వుతుందో, ఆ కుర్రాడికి ఏమని జవాబు చెబుతుందో అతనికి తనంతట తానే తోచేది. ఇప్పుడు నిజం చెబితే, తన చేతులతో పెంచిన పిల్లను తన చేతులతోనే చంపుకున్నట్టు అనిపించేది.

వాపున్ రోజూ పొద్దున్నే నీళ్లకు వెళ్లేది. కుండ నీటిలో ముంచే ముందు తూర్పుకు తిరిగి "పియేసీస్" అని మూడుసార్లు పిలిచేది. పరాయి చోట అమ్మ గొంతు మర్చిపోతుందని ఆమె భయం. కోట లోపల తోళ్లకట్టలు బిగిస్తున్న గిల్బర్ట్‌కు ఆ పిలుపు వినబడేది. అప్పుడు అతను చేతిలో పని ఆపేవాడు. మూడోసారి పిలుపు అయ్యాక మళ్లీ మొదలుపెట్టేవాడు.

ప్రతి వేసవికీ ఒక జత జోళ్లు. ప్రతి జతా పీపాల కారిగల్ ఇంటికి. అలా పది జతలు వెళ్లాయి.

పదకొండో వేసవి మొదట్లో పైనుంచి కబురు వచ్చింది. తోళ్ల కోసం అన్నాళ్లూ కొట్టుకున్న రెండు కంపెనీలు ఒకటైపోయాయి. ఒకే నది మీద ఇన్ని కోటలు అక్కర్లేదు. గిల్బర్ట్ కోట మూసేస్తారు. అతను ఈ ఏటి ఓడలో ఇంటికి వెళ్లిపోవచ్చు, భార్యను తీసుకెళ్తానంటే ఆమెకూ చోటిస్తారు.

వాపున్ ఆ మాట వినగానే లేచింది. వెళ్లి తన ఇనపకుండలు రెండూ మరదళ్లకు ఇచ్చేసింది. వలలు ఇచ్చేసింది. మంచు మీద నడవడానికి కాళ్లకు కట్టుకునే చట్రాలు కూడా ఇచ్చేస్తుంటే గిల్బర్ట్ చూస్తూ నిలబడ్డాడు. మీ దీవిలో చెట్లు లేవంటావు, మరి తోలుకు పొగ దేంతో పెడతారు అని అడిగింది. నేలలోంచి తవ్విన గడ్డలు ఎండబెట్టి కాలుస్తారని చెప్పాడు. ఆ పొగ కంపు కొడుతుందేమోనని తోలు ఇక్కడే సిద్ధం చేసుకుని, పదకొండో జత కుట్టింది. ఇది మాత్రం నేనే తొడుగుతాను అంది.

పడవకు చుక్కాని పట్టింది వాపున్ తమ్ముడు మస్క్వా. బావను ఆటపట్టించకుండా ఒక పూట కూడా ఉండలేనివాడు. వాళ్లలో బావా బావమరుదులు అలా ఆడుకోకపోతే ఏదో తగాదా వచ్చిందనుకుంటారు.

"బావా, నువ్వు వెళ్లిపోతే మమ్మల్ని మోసం చేసేవాడు ఎవడు? ఇన్నేళ్లున్నావు, ఆ ఒక్క పని నేర్చుకోలేకపోయావు."

పడవలో అందరూ నవ్వారు. గిల్బర్ట్ కూడా నవ్వాడు. ఆ నవ్వు ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు.

ఓడ దగ్గరికి చేరేలోపు చెప్పెయ్యాలి. అది ఒక్కటే అతని తలలో ఉంది. నాలుగో రోజున జలపాతం పక్కన పడవలు ఖాళీ చేసి, కట్టలు వీపు మీద మోసుకుంటూ అడవిదారిన నడుస్తున్నారు. వాపున్ ఒక్కతే ముందు నడుస్తోంది. గిల్బర్ట్ కట్ట దించి, నీకొక సంగతి చెప్పాలి అన్నాడు.

"నాకు తెలుసు," అంది వాపున్.

గిల్బర్ట్ దించిన కట్ట మీదే కూర్చుండిపోయాడు.

"అక్కడ మీ అక్క మాట వినాలి, అంతేగా? వింటాలే. పిల్లని పెంచిన మనిషి. నాలుగు మాటలు అన్నా పడతాను."

మళ్లీ వారం రోజులకు వానొచ్చి, పడవ బోర్లించి దాని కింద ఇద్దరే కూర్చున్నారు. ఈసారి ఆమె మెరన్ భాషలో ఒక్క వాక్యం నేర్పమని అడిగింది. దిగగానే అడగాలట. నా కూతురు ఏది అని. గిల్బర్ట్ నేర్పాడు. ఆమె నోరు తిరగక నవ్వింది, మళ్లీ పలికింది, మళ్లీ పలికింది. వాన వెలిసేసరికి తప్పు లేకుండా వచ్చేసింది. ఆ రోజు నుంచి తెడ్డు వేస్తూ ఆ వాక్యమే గొణుక్కునేది. దాని ముందు ఇంకేం చెప్పగలడు?

సముద్రపు వాసన వచ్చే చివరి మలుపు దగ్గర గిల్బర్ట్‌కు ఒక్కసారిగా కారిగల్ పిల్లలు గుర్తొచ్చారు. అన్ని రోజులూ ఓడ గురించే భయపడ్డాడు తప్ప జోళ్ల సంగతే తట్టలేదు. పడవ ఒడ్డుకు తగలగానే తను ముందు దిగి పరిగెత్తుదామనుకున్నాడు. కానీ తాడు పట్టుకోమని మస్క్వా కేకేశాడు. తాడు పట్టుకుని తిరిగి చూసేసరికి వాపున్ దిగిపోయింది. కొత్త పడవ వచ్చిందంటే పెద్దకోటలో పిల్లలంతా ఒడ్డుకు వచ్చేస్తారు. కారిగల్ కూతుళ్లు నలుగురూ అందరికంటే ముందు వచ్చి వరసగా నిలబడ్డారు.

వాపున్ అందరికంటే చిన్నపిల్ల ముందు గొంతుక్కూర్చుంది. ఆ పిల్ల పాదం చేతిలోకి తీసుకుంది. బొటనవేలు దగ్గర తోలు అరిగి, ఎవరో మాసిక వేశారు. ఎర్ర రేకుల్లో రెండు ఊడిపోయాయి. వంకర ఆకు మాత్రం అలాగే ఉంది.

"ఇవి నేను కుట్టినవి," అంది. ఆమె గొంతులో ఇంకా కోపం లేదు. గిల్బర్ట్ వైపు తలెత్తి చూసింది. "ఆ ఏడు నువ్వొచ్చేసరికి ఓడ వెళ్లిపోయిందా?"

దారి ఆమే చూపించింది. అవునని తల ఊపితే చాలు. ఇంకొన్నాళ్లు గడుస్తుంది. గిల్బర్ట్ తల ఊపబోయాడు కూడా. ఈలోగా వాపున్ చూపు పక్కపిల్ల కాళ్ల మీద పడింది. అవి కొంచెం పెద్దవి. ఆ పక్కపిల్లవి ఇంకా పెద్దవి. ఆఖరున నిలబడిన పెద్దపిల్ల కాళ్లకు పోయినేటి జత. పాదానికి పెద్దవైతే లోపల గడ్డి కుక్కుకుంది. చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వాపున్ ఒక్కొక్క జతనూ చూసుకుంటూ వెళ్లింది. ఏ జత ఏ చలికాలంలో కుట్టిందో, అప్పటికి తన కూతురు ఎంత పొడుగై ఉంటుందనుకుని కుట్టిందో ఆమెకు తెలుసు. ఆమె ఊహించుకున్న పాదాలన్నీ వేరేవాళ్ల పిల్లలకు ఉన్నాయి.

పీపాల కొట్టంలోంచి కారిగల్ బయటికి వచ్చాడు. చూశాడు. తల మీది టోపీ తీసేసి అక్కడే నిలబడిపోయాడు.

"ఓడ ఒక్క ఏడు కూడా తప్పలేదు," అన్నాడు గిల్బర్ట్.

"మరి?"

"పిల్ల లేదు, వాపున్."

"ఎప్పట్నుంచి?"

"మొదటి చలికాలం నుంచి."

వాపున్ చేతిలో ఉన్న పిల్ల పాదాన్ని మెల్లగా నేల మీద పెట్టింది. లేచి నిలబడింది.

"పాలు పితకడం నేర్చుకుందన్నావు."

"లేదు."

"పళ్లు ఊడి మళ్లీ వచ్చాయన్నావు."

"లేదు. నేనే చెప్పాను."

"గొర్రెపిల్ల?"

"లేదు."

"చేపలవాడు?"

గిల్బర్ట్ తల అడ్డంగా ఊపాడు. ఆ కుర్రాడు లేడని చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది. ఎందుకో తెలియదు.

ఆమె ఏడుస్తుందనుకున్నాడు. తిడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు. వాపున్ తన నోటి మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. చెయ్యి తీయకుండానే, వేళ్ల సందుల్లోంచి అంది.

"రోజూ పిలిచాను."

అప్పుడు అర్థమైంది గిల్బర్ట్‌కు, తను చేసింది ఏమిటో. తెలియని సంగతి కాదు. వాపున్ వాళ్లు పోయినవాళ్ల పేరు నోటితో పలకరు. నాలుగు రోజులు నిప్పు ఆరకుండా చూస్తారు, ఆ వెలుగులో దారి చూసుకుని వెళ్లమంటారు, ఆ తర్వాత ఆ పేరు ఎత్తరు. ఎత్తితే పోయినవాళ్లు వెనక్కి తిరుగుతారు, వెళ్లలేరు. అత్తగారు పోయినప్పుడు తనూ ఆ నిప్పులో కర్రలు వేశాడు. తన కూతురి విషయంలో మాత్రం అది గుర్తు పెట్టుకోలేదు. తను చర్చికి వెళ్లేవాళ్ల ఇంట్లో పుట్టినవాడు, పిల్లను చర్చి పక్కన పాతారు, ప్రార్థన చదివారు, అయిపోయిందనుకున్నాడు. భార్యకు దుఃఖం తప్పించాననుకున్నాడు. పదేళ్లు, రోజుకు మూడుసార్లు, ఆ తల్లి వెళ్లిపోతున్న పిల్లను పేరు పెట్టి వెనక్కి పిలుస్తుంటే, గోడ అవతల నిలబడి విన్నాడు.

ఆ రోజే వాపున్, వాళ్లలో చావుకు చేసినట్టు, జుట్టు కోసేసుకుంది. మస్క్వాతో కలిసి కోట పక్కనున్న వాగు దాటి అవతల గుడారం వేసుకుంది. ఓడ వచ్చింది. తోళ్లు ఎక్కించడం మొదలైంది. మూడు రోజులు గిల్బర్ట్ వాగు ఇవతల కూర్చుని అవతలి పొగ చూశాడు. కారిగల్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నా భార్య ఆ జోళ్లన్నీ ఉతికి, మూటగట్టి ఆమెకి ఇచ్చొచ్చింది. తీసుకుందట. ఒళ్లో పెట్టుకుందట," అన్నాడు. వాగు అవతలికి చూసి, "ఆమె కోపం తగ్గుతుందిరా గిల్బర్టూ," అన్నాడు.

అది కోపమైతే తగ్గును అన్నాడు గిల్బర్ట్.

నాలుగో రోజు మధ్యాహ్నం మస్క్వా వాగు దాటి వచ్చాడు. ముఖానికి మసి పూసుకుని ఉన్నాడు. బావా అనలేదు. ఎగతాళి చేయలేదు. పరాయి వర్తకుణ్ణి పిలిచినట్టు, "ఫ్లెట్, అక్క రమ్మంటోంది," అన్నాడు. ఇరవై రెండేళ్లలో అతను ఆ పేరుతో పిలవడం అదే మొదలు.

వాపున్ గుడారం బయట కూర్చుని ఉంది. ముందున్న నిప్పు ఆరిపోయి బూడిద మిగిలింది. కత్తిరించిన జుట్టు కింద ఆమె మెడ సన్నగా, ఎవరో ముసలమ్మ మెడలా కనిపించింది. కూర్చోమని చెయ్యి చూపించింది.

"ఇక్కడ చెయ్యాల్సింది చేశాను. చాలదు. తను ఇక్కడ పోలేదు. తను మీ దీవిలో ఉంది. అక్కడ వెలుగు పెట్టినవాళ్లు లేరు. అక్కడినుంచి దారి తనకి తెలీదు," అంది. కూతురి పేరు ఎత్తలేదు. "ఓడెక్కి వెళ్లు. పాతిన చోట నాలుగు రోజులు నిప్పు పెట్టు. అమ్మ ఇంక పిలవదని చెప్పు. మా మాటలోనే చెప్పు. ఏడేళ్ల పిల్లకి మీ మాట ఏం వస్తుంది?"

"నువ్వూ రా. ఇద్దరం కలిసి పెడదాం."

"నేను వస్తే ఆగిపోతుంది. ఎదురుగా అమ్మ కనిపిస్తే ఏ పిల్ల వెళ్తుంది?"

 పైయేడు ఓడలో తిరిగి వస్తానన్నాడు గిల్బర్ట్. కొలువు లేనివాణ్ణి, ఏభై అయిదేళ్లవాణ్ణి ఏ ఓడ ఎక్కించుకుంటుందో అతనికి తెలియదు. అయినా అన్నాడు.

వాపున్ బూడిదలో పుల్లతో గీతలు గీస్తూ కూర్చుంది.

"రావద్దు. నువ్వు పొద్దున్న వానొస్తుందంటే నేను బయటికెళ్లి ఆకాశం చూసుకోవాలి. చేప పడిందంటే వెళ్లి వల చూసుకోవాలి. ప్రతి మాటకీ అలా లేచి చూసుకోవడానికి నాకింక ఓపిక లేదు."

అంత మెల్లగా చెప్పింది. అందులో విషం లేదు. అదే అతను తట్టుకోలేకపోయాడు. ఆమె చెయ్యి పట్టుకోబోతే పట్టుకోనిచ్చింది, కానీ ఆ చెయ్యి అతని చేతిని తిరిగి పట్టుకోలేదు. ఇరవై రెండేళ్లు తోళ్లు గీసి, పళ్లతో కొరికి మెత్తబరచి, సూది గుచ్చుకుని కాయలు కాసిన చెయ్యి. కాసేపటికి తనే వదిలేశాడు.

మరునాడు ఓడ తెరచాపలెత్తేటప్పుడు గిల్బర్ట్ ఒడ్డంతా వెతికి చూశాడు. వాగు అవతల గుడారం లేదు. మస్క్వా పడవ తెల్లవారకముందే ఎదురు నీటికి వెళ్లిపోయిందని కారిగల్ చెప్పాడు.

ఆర్క్‌నీ చేరేసరికి చలికాలం మొదలైంది. మెరన్ ఇంటి తలుపు దగ్గర అతను నిలబడితే ఆమె గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక ఏడ్చింది, ఏడ్చాక దెప్పింది. ముప్పై ఆరేళ్ల తర్వాత కనిపించి, ఎలా ఉన్నావక్కా అని కాదు, గోడ వారన ఏ చోట అని అడుగుతావేరా అంది. అయినా శాలువా కప్పుకుని దారి చూపించింది. గడ్డి పెరిగిన చిన్న దిబ్బ, తల వైపు సముద్రపు రాయి. రాయి మీద ఏమీ రాసి లేదు.

"చివరి రెండు రోజులూ మీ అడవి మాటే మాట్లాడిందిరా," అంది మెరన్. "అంతకుముందు మా మాట చక్కగా వచ్చేసింది దానికి. జ్వరంలో అదంతా పోయింది. ఏదో అడిగేది. మళ్లీ మళ్లీ అదే అడిగేది. నాకు అర్థం కాలేదు తమ్ముడూ. నీళ్లేమోనని నీళ్లిచ్చాను. పాలేమోనని పాలిచ్చాను. అది కాదు."

ఏం అడిగిందో ఆ మాట ఎలా ఉండేదో కొంచెమైనా చెప్పగలవా అని గిల్బర్ట్ అడగలేదు. అడగడానికి భయమేసింది.

చెట్లు లేని దీవి. మెరన్ పెరట్లో ఎండిన మట్టిగడ్డలు ఉంటే మూడు బుట్టలు మోసుకొచ్చి గోడ వారన నిప్పు పెట్టాడు. సముద్రపు గాలికి అది సరిగా అంటుకోలేదు. వాన పడితే తన కోటు తీసి నిప్పు మీద పట్టుకుని నిలబడ్డాడు. చర్చికి వచ్చిన వాళ్లు చూసి, ఫ్లెట్ వాళ్ల గిల్బర్ట్ అక్కడి జనంలో కలిసిపోయాడు, దేవుణ్ణి మర్చిపోయాడు అనుకున్నారు. ఒకరిద్దరు మొహం మీదే అన్నారు. అతను గడ్డలు ఎగదోస్తూనే ఉన్నాడు. రెండో రోజు నుంచి మెరన్ ఏమీ అడగకుండా గడ్డల బుట్టలు తనే మోసుకొచ్చింది.

నాలుగో రోజు పొద్దెక్కాక గాలి తగ్గింది. గిల్బర్ట్ నిప్పు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, దారి పొడవునా కూర్చుకున్న క్రీ మాటలన్నీ చెప్పబోయాడు. ఒక్కటీ గుర్తు రాలేదు. వచ్చినవే చెప్పాడు.

"మీ అమ్మ ఇంక పిలవదు. ఆమెకి తెలీలేదు, అందుకే పిలిచింది. నేను చెప్పలేదు. తప్పు నాది, ఆమెది కాదు. నిన్ను వద్దనుకుని కాదు పిలవడం మానేసింది. వెళ్లమ్మా. అక్కడ మీ అమ్మమ్మ ఉంది."

ఇంకేదో చెప్పాలనిపించింది. పళ్లు ఊడి వచ్చిన సంగతి, గొర్రెపిల్ల సంగతి, దారిలో నిలబడే కుర్రాడి సంగతి చెప్పి, ఇన్నాళ్లూ నిన్ను ఎంత బాగా పెంచానో చూడు అనాలనిపించింది. చెప్పలేదు. నిప్పు దానంతట అదే ఆరేదాకా కూర్చున్నాడు.

ఆ వారమే రాళ్లు చెక్కే మనిషి ఒకడు మెరన్ ఇంటికి వచ్చాడు. ఇన్నేళ్లకు తండ్రి వచ్చాడు గనక ఆ రాయి మీద పేరు వేయిస్తే బాగుంటుందని మెరనే పిలిపించింది. ఆ పిల్ల పేరు తనకు ఎప్పుడూ నోరు తిరగలేదని, ఇంట్లో చిట్టీ అని పిలిచేదాన్నని, నువ్వే చెప్పమని తమ్ముణ్ణి అడిగింది.

గిల్బర్ట్ పొయ్యి పక్కన కూర్చుని ఉన్నాడు. ఆ పేరు అతని నాలుక చివర దాకా వచ్చింది. సముద్రానికి అవతల, ఆ నది ఒడ్డున, ఒక మనిషి కుండతో నీళ్లకు వెళ్లి, తూర్పుకు తిరిగి, నోరు మూసుకుని నిలబడి ఉంటుంది. అతను పెదాలు బిగించాడు.

"ఏమయ్యా, పేరు?" అన్నాడు రాళ్లవాడు.

గిల్బర్ట్ తల అడ్డంగా ఊపాడు.

రాళ్లవాడు ఇంకాసేపు ఎదురుచూసి, పనిముట్లు సంచీలో వేసుకుని వెళ్లిపోయాడు. అడవిలో ముప్పై ఆరేళ్లుండి సొంత కూతురి పేరే మర్చిపోయాడట పాపం అని ఊళ్లో చెప్పుకున్నారు. ఆ మాట గిల్బర్ట్ చెవిన కూడా పడింది. అతను కాదనలేదు.